గుమ్మి లోపలి కొలత

బాన్సువాడలో ఇంటిగ్రేషన్‌తో వడ్లు కొలిచిన మొదటి మనిషిని నేనే. నిజామాబాద్ కాలేజీలో లెక్కల్లో నాది మొదటి స్థానం. మా సారు నా జవాబు కాగితాన్ని తక్కిన క్లాసులకు పట్టుకెళ్ళి మరీ చూపించేవాడు. సరే, నిజం ఇక్కడే చెప్పేస్తాను, ఎటూ రెండు పేజీలు పోతే మీకే తెలుస్తుంది. మా సెక్షన్‌లో మొదటివాడు బోధన్ వైపు నుంచి వచ్చే ఒక బక్క పిల్లవాడు. నాది మూడో స్థానం, అదీ ఒక్కసారి. సారు నా కాగితం చూపించిన మాట వాస్తవమే గానీ, "ఇట్ల రాయొద్దు" అని చెప్పడానికి చూపించాడు. వడ్లు కొలిచిన మాటలో మాత్రం మెతుకంత అబద్ధం లేదు. ఆ పనికి నాతో పోటీ పడినవాడు ఊళ్ళో లేడు, ఇప్పటికీ లేడు.

మొన్న మా ఇంటి వెనక అర్రను పడగొట్టించాం. వెనక రోడ్డు వైపు రెండు షట్టర్లు వేస్తే కిరాయికి పోతాయని మావాళ్ళ ఆలోచన. ఆ అర్ర మూలన మా అవ్వ కాలంనాటి గుమ్మి ఉండేది. చూడనివాళ్ళ కోసం చెప్తున్నాను. గుమ్మి అంటే వెదురు బద్దలతో అల్లిన వడ్ల బుట్ట. మనిషి కంటే ఎత్తు, అడుగున కాస్త సన్నం, నడుమ లావు, మెడ దగ్గర మళ్ళీ సన్నం. లోపలా బయటా మట్టి, పేడ, ఊక కలిపి పూస్తారు. కింద పిడికిలి పట్టేంత బొక్క ఉంటుంది, దానికి గుడ్డ ఉండచుట్టి బిగిస్తారు, వడ్లు కావాలంటే ఆ గుడ్డ లాగుతారు. మా గుమ్మి ఏళ్ళ తరబడి ఉత్తదే. పనికొచ్చిన పిల్లవాడు గడ్డపారతో రెండు పోట్లు పొడవగానే కూలబడింది. పళ్ళెమంత పెల్ల ఒకటి దొర్లుకుంటూ వచ్చి నా చెప్పు దగ్గర ఆగింది. వంగి తీసుకున్నాను. విరిగిన అంచు మీద పొరలు పొరలుగా గీతలు. వాసన చూశాను. ఇన్నేళ్ళ తర్వాత వాసన ఎక్కడుంటుంది అంటారేమో, ఉంది. వేపాకు, తడి మట్టి, ఎండిన పేడ. సరే, వేపాకు వాసన లేదు, అది నేను కలిపాను. మట్టి వాసన ఉంది.

"తాతా, గా మట్టిపెల్లతోని ఏం జేస్తవ్?" అన్నాడు పిల్లవాడు.

"లెక్క జేస్త" అన్నాను.

నా మాటలో హాస్యం లేదు. ఆ వారమే మా మనవరాలు శ్రీజ సెలవులకు వచ్చి ఉంది. ఇంజనీరింగు మొదటి సంవత్సరం. వరండాలో కూర్చుని ఒక వంకర గీతను నిటారు గీత చుట్టూ తిప్పితే ఏర్పడే ఆకారానికి ఘనపరిమాణం కడుతోంది. అది చూసి నా నోరు ఊరుకోలేదు. మీ పుస్తకంలో గీత ఉత్త గీత, నేను తిప్పింది ఏకంగా గుమ్మిని అన్నాను. కథంతా చెప్పాను. నా లెక్క తప్పిందని తెలియగానే గుమ్మిలోంచి బయటికొచ్చి, అందరి ముందూ నిలబడి, తప్పు నాది అని ఒప్పుకున్నానని కూడా చెప్పాను. "గ్రేట్ తాతా" అంది పిల్ల. ఆ మాట అప్పటినుంచి గొంతులో చేపముల్లులా అడ్డం పడి ఉంది. దాన్ని తీసుకోవడానికే ఇది రాస్తున్నాను.

మా అవ్వకు పొద్దున్నే ఒక అలవాటు. మొహం కడుక్కుని, పొయ్యి ముట్టించకముందే అర్రలోకి పోయి గుమ్మిని వేలి కణుపులతో కొట్టేది. చుట్టాన్ని మంచిచెడ్డలు అడిగినట్టు నాలుగు చోట్ల, కింది నుంచి పైకి. వడ్లున్న చోట మొద్దు చప్పుడు, లేని చోట డొల్ల చప్పుడు. ఆ చప్పుడు బట్టి వడ్లు ఎక్కడిదాకా ఉన్నాయో చెప్పేది. ఇంట్లో వడ్లు నింపేటప్పుడు లెక్కపెట్టకూడదని ఆమె కట్టడి. వచ్చే లక్ష్మిని వేలు పెట్టి ఎంచితే అలుగుతుందట. తీసేటప్పుడు మాత్రం కుంచంతో కొలవాలి. అప్పుడు కూడా ఒకటి అనకూడదు. మొదటి కుంచానికి "లాభం" అనాలి, ఆ తర్వాత రెండు, మూడు. మా ఊళ్ళో ఏ కల్లంలోనైనా అంతే. నేను ఒకటో తరగతిలో ఎక్కాలకు ముందు అంకెలు చదవమంటే "లాభం, రెండు, మూడు" అని చదివి దెబ్బలు తిన్నాను. ఇది నిజం. మా అక్క సాక్షి.

నిజాంసాగర్ కాలువ కింద మాకు కొంత పొలం ఉండేది. ఇంటికి వడ్లు రాకముందు ఏటా గుమ్మికి పూత పెట్టడానికి గంగవ్వ వచ్చేది. మా ఇంట్లోనూ పొలంలోనూ కూలికి చేసే మనిషి. నన్ను ఎత్తుకు తిరిగింది కూడా ఆమెనే. సన్నగా, పొట్టిగా ఉండేది గనక గుమ్మి మెడలోంచి ఆమె ఒక్కతే సులువుగా దిగగలిగేది. దిగేముందు చేతి గాజులు తీసి కిటికీ చువ్వకు తగిలించేది. పైనుంచి ఆమె కూతురు సాయవ్వ మట్టి ముద్దలు అందించేది. సాయవ్వది నా ఈడే. గంగవ్వ లోపల కూర్చుని గుండ్రంగా తిరుగుతూ, అరచేత్తో కింది నుంచి పైకి రాస్తూ వచ్చేది. రాస్తున్నంతసేపూ మాట్లాడుతూనే ఉండేది. బావిలోంచి వచ్చినట్టు గుంయ్‌మని వచ్చేది గొంతు.

"సాయవ్వా, చిన్న పటేలు ఆడనే ఉన్నడా?"

"ఉన్నడే. మట్టి తింటుండు."

"తిననీయ్. రేపు పెద్దగయినంక మా గంగవ్వ చేతి మట్టి తిన్న అని చెప్పుకుంటడు."

నేను మట్టి తినలేదు. పిడికెడు ముద్ద తీసి వాసన చూసేవాణ్ణి. కొంచెం తిన్నాను.

నేను డిగ్రీ మొదటి సంవత్సరంలో ఉండగా మా అక్కకు పెళ్ళి కుదిరింది. ఆ ఏడు గుమ్మి నిండా వడ్లు పోసి, పైన పేడతో మూతవేసి, పెళ్ళి వంటకని అట్టే ఉంచారు. ఎన్ని బస్తాలు పట్టాయో ఎవరికీ తెలియదు, పోసేటప్పుడు లెక్కపెట్టలేదు కదా. చాలకపోతే ముందుగానే ఎక్కడన్నా చూసుకోవాలి గనక నాయనకు అంకె కావాలి. ఆయన అవ్వను అడిగాడు. అవ్వ గుమ్మిని కొట్టి, కాసేపు గోడ వైపు చూసి, "పద్నాలుగు బస్తాలు దాటవు" అంది. అప్పుడే సెలవులకు ఇంటికి దిగాను నేను, కొత్తగా నేర్చిన విద్యతో, కొత్తగా వచ్చిన మీసంతో.

"గోడకు చెవి పెట్టుడు ఏంది నాయనా, నేను లెక్క కట్టి చెప్త" అన్నాను.

విద్య ఏమీ బ్రహ్మపదార్థం కాదు. గుమ్మిని అడ్డంగా పలచగా కోసుకుంటూ పోతే ప్రతి ముక్కా ఒక జొన్నరొట్టె. రొట్టె గుండ్రంగా ఉంటుంది గనక దాని అడ్డం తెలిస్తే వైశాల్యం తెలుస్తుంది. దాన్ని మందంతో గుణించి, అడుగు నుంచి మెడ దాకా రొట్టెలన్నీ కలిపితే గుమ్మి పరిమాణం. ముక్క ఎంత పలచనైతే లెక్క అంత సరి. అంతులేనంత పలచని రొట్టెలను ఒక్క దెబ్బకు కలిపిపెట్టేదే ఇంటిగ్రేషన్. నేను జానెడుకొక చోట గుమ్మి చుట్టూ తాడు చుట్టాను, పొడవులు రాసుకున్నాను, పక్క వంపుకు ఒక సమీకరణం కుదిర్చాను. నడిమధ్య గుడిసె గుంజలా ఒక నిట్టాడు ఉన్నట్టు ఊహించి ఆ వంపును దాని చుట్టూ తిప్పాను. కుంచంలో నీళ్ళు పోసి అది ఎంత పడుతుందో తేల్చాను. అవ్వ గడపలో కూర్చుని చూస్తూ ఉంది.

"తాడు ఎందుకురా దానికి, ఏమన్న దూడనా పారిపోనీకి?"

"జర ఆగు అవ్వా. పదహారు బస్తాలు. ఇగ రాసుకో."

"నాకు రాయ రాదు గని, నా చెయ్యి పద్నాలుగు దాటవంటుంది."

"నీ చెయ్యి కాలేజీకి పోయిందా?" అన్నాడు నాయన నవ్వుతూ. నేనూ నవ్వాను. ఆ సాయంత్రం వియ్యంకులు వచ్చినప్పుడు నాయన నన్ను పిలిచి ఆ కాగితం చూపించాడు. వాళ్ళలో ఒక పెద్దాయన కాగితాన్ని తలకిందులుగా పట్టుకుని చాలాసేపు మెచ్చుకున్నాడు. ఆ పూట నేను నేల మీద నడవలేదు.

పెళ్ళికి పది రోజులుందనగా గుమ్మి విప్పారు. గంగవ్వ గుడ్డ లాగింది. వడ్లు జలజలమని చాప మీదికి దిగుతుంటే ఆమె కుంచం నింపి పోయడం, నాయన లెక్క పట్టడం. "లాభం" అని మొదలుపెట్టి ఆపకుండా అంటూ పోయాడు. పదమూడో బస్తా కుట్టాక ధార సన్నబడింది. గంగవ్వ చెయ్యి పెట్టి లోపల దేవింది. చివరికి సగం బస్తా. అంతే. నాయన రెండోసారి కొలిపించాడు. పదమూడున్నర.

నాయన జేబులోంచి నా కాగితం తీసి చూశాడు, మడిచి మళ్ళీ పెట్టుకున్నాడు. అవ్వ అంది, "చెయ్యి చెప్పింది అదే, కుంచం చెప్పింది అదే. కాయితమే తప్పు."

"కాయితం ఎట్ల తప్పయితదే అమ్మా, కాలేజీ లెక్క అది" అన్నాడు నాయన. తర్వాత గొంతు పెంచకుండా, చాలా మామూలుగా, గంగవ్వను అడిగాడు. "గంగవ్వా, గీ నడుమ బొక్క గుడ్డ ఎవరన్న తీసిండ్రా? మల్ల నువ్వేనా పెట్టింది?"

దొంగతనం అన్న మాట ఎవరి నోటా రాలేదు. ఇప్పటికీ మా ఇంట్లో అదే అంటారు, మేము ఆమెను ఏమీ అనలేదని. గంగవ్వ చేతులు దులుపుకుంది. చాప మీద చెదిరిన గింజలు ఏరి బస్తాలో వేసింది. కిటికీ చువ్వకున్న గాజులు తీసి చేతికి వేసుకుంది. పోతూ పోతూ గడప దగ్గర ఆగి, "లోపట ఊడ్వాలె. చిన్న పటేలును దింపుండ్రి, సన్నగుంటడు" అంది. అంతే అంది.

నేను దిగాను. చీపురు పట్టుకుని మెడలోంచి జారేసరికి రెండు భుజాలూ గీసుకుపోయాయి. బయట నేను చుట్టిన తాడు ప్రకారం లోపల చేతులు చాపగలిగేంత చోటు ఉండాలి. లేదు. కింద బొక్కలోంచి వెలుతురు వస్తోంది. అందులో చూపుడువేలు పెట్టాను. వేలు సగానికి పైగా పోయాక గానీ బయటి అంచు తగల్లేదు. గోడ మూడు వేళ్ళ మందం ఉంది. ఏటా ఒక పూత, దాని మీద ఇంకో పూత. ఆమె గీకకుండా రాసుకుంటూ వచ్చింది, ఎందుకంటే పాత పూతను గీకితే వెదురు తేలుతుంది. నేను బయట కొలిచి లోపలికి లెక్క కట్టాను. రొట్టెలు కాదు, ప్రతి ముక్కా ఒక రొట్టె చుట్టూ ఒక గాజు. గాజులన్నీ తీసేస్తేనే వడ్ల లెక్క. బయటి వ్యాసార్థం వర్గంలోంచి లోపలి వ్యాసార్థం వర్గం తీసెయ్యాలని సారు అప్పటికింకా చెప్పలేదని ఇన్నేళ్ళుగా అందరికీ చెప్తూ వచ్చాను. చెప్పాడు. ఆ రోజు నేను సినిమాకు పోయాను.

అక్కడే, గుమ్మిలో కూర్చునే, చీపురు పుల్లతో లోపలి అడ్డం కొలిచి నేల మీద లెక్క వేశాను. పదమూడున్నరకు పిడికెడు అటూ ఇటూ. తక్కువైన రెండున్నర బస్తాలూ గోడలో ఉన్నాయి. బయట నాయన అమ్మతో అంటున్నాడు, "పోనీ తియ్, పెండ్లి నడుమ గీ ముచ్చట వద్దు." అప్పటికి గంగవ్వ మా వాడకట్టు మలుపు కూడా దాటి ఉండదు. నేను తల బయటపెట్టి ఒక్క మాట అంటే చాలు.

అనలేదు. చీపురు బయటికి విసిరి, మొహం తుడుచుకుని, "ఊడ్చిన" అన్నాను. ఎందుకు అనలేదంటే చెప్పడానికి గొప్ప కారణం లేదు. ఆ కాగితాన్ని వియ్యంకులు చూశారు. పెళ్ళిలో ఇంకో పదిమందికి చూపిస్తానని నాయన అన్నాడు. పెళ్ళి అయ్యాక చెబుదాం అనుకున్నాను. పెళ్ళి అయ్యాక, సెలవులు అయ్యేలోపు చెబుదాం అనుకున్నాను. గంగవ్వ పెళ్ళికి రాలేదు. అక్క అప్పగింతలప్పుడు మూడుసార్లు అడిగింది, "గంగవ్వ ఏది?" అని. తర్వాత రుద్రూర్ వైపు పుట్టింటికి పోయిందని, అక్కడే కూలికి కుదిరిందని విన్నాం.

మరుసటి ఏడు పూత అమ్మ పెట్టింది. లోపలికి దిగలేక పైనుంచి చెయ్యి చాపి పూసింది. నెల తిరగకముందే పగిలింది, పురుగు పట్టింది. ఇంకో ఏడు ప్రయత్నించింది. ఆ తర్వాత వడ్లు బస్తాల్లోనే ఉండిపోయేవి. ఇంకొన్నాళ్ళకు వడ్లు ఇంటికి రావడమే మానేశాయి. ఇప్పుడు కోత మిషన్ పొలంలో తిరుగుతుంది, ట్రాక్టర్ గట్టు మీద నిలబడుతుంది, వడ్లు అటునుంచి అటే పోతాయి. మేము తినే బియ్యం రంగుల సంచిలో కొట్టునుంచి వస్తుంది, ఎన్ని కిలోలో దాని మీదే అచ్చు వేసి ఉంటుంది. కొట్టి చూసే పని లేదు, చెవి పెట్టే పని లేదు, లాభం అనే పని అసలే లేదు. అవ్వ పోయే ముందు వారం మంచంలో ఉండి కూడా కణుపులతో గోడ కొట్టేది. ఏం వినబడేదో ఎవరికి తెలుసు. నాకు ఇప్పుడు ఆ చప్పుడు కావాలనిపిస్తుంది. మొద్దు చప్పుడు, ఇల్లు నిండుగా ఉందని చెప్పే చప్పుడు.

పెల్ల దొరికిన మూడో రోజు దాన్ని తువ్వాలలో చుట్టుకుని సాయవ్వ ఇంటికి పోయాను. ఆమె బాన్సువాడకే తిరిగొచ్చి చాలా ఏళ్ళయింది. కొడుకు ఏదో ఆఫీసులో పనిచేస్తాడు, ఆదివారం ఇంటిల్లిపాదీ చర్చికి పోతారు. దారిలో కనిపిస్తే పలకరించుకుంటాం. వాళ్ళింటికి మాత్రం నేను ఎప్పుడూ పోలేదు. నన్ను చూసి కుర్చీ దులిపింది.

"కూసోండ్రి చిన్న పటేలా. ఏంది గిట్లచ్చిండ్రు?"

డెబ్బై దాటిన నన్ను చిన్న పటేలా అనే మనిషి ఇంకెవరూ మిగల్లేదు. తువ్వాల విప్పాను. ఆమె పెల్లను చూసి ఏమిటని అడగలేదు. చెప్పుకుంటూ పోయాను. తాడు, రొట్టెలు, గాజులు, బొక్కలో వేలు. ఈసారి దేన్నీ పెంచలేదు. నాకు ఆనాడే తెలిసింది, చెప్పలేదు, అన్నాను.

"అమ్మకు గూడ తెలుసు" అంది సాయవ్వ.

నాకు అర్థం కాలేదు.

"ఆ దినం ఇంటికొచ్చి చెప్పింది. పూత దళసరయ్యింది బిడ్డా, అందుకే వడ్లు తక్కువ పట్టినయ్ అని. ఏటేటా చెయ్యి పెట్టేదానికి తెల్వదా పటేలా?"

"మరి నాయనకు ఎందుకు చెప్పలేదు?"

"పూత గురించి అడిగిండ్రా? గుడ్డ గురించి అడిగిండ్రు." చాయ్ నా ముందు పెట్టింది. "చిన్న పటేలును దింపమని చెప్పొచ్చిన, చదువుకున్న పిల్లగాడు, లోపట జూస్తే ఎర్కయితది, వాడే చెప్తడు అన్నది. పదొద్దులు జూసింది. పెండ్లి బాజాలు మోగినంక రుద్రూర్ పోదాం నడువు అన్నది."

యాభై ఏళ్ళకు పైగా ఆ మాటను నేను ఊడ్చే పని గురించి అన్నదనుకున్నాను. తప్పయింది సాయవ్వా అన్నాను. ఆమె నవ్వి, పోనీలే పటేలా, ఎప్పటి ముచ్చట అన్నదని ఇక్కడ రాశాను. రాసి కొట్టేశాను. ఆమె ఆ మాట అనలేదు. "చాయ్ సల్లారుతుంది" అంది.

తర్వాత పెల్లను ఒళ్ళోకి తీసుకుని, అంచును వెలుతురుకు తిప్పింది. కళ్ళు చికిలించి పొరలు చూసింది. లోపలి వైపు రెండు పొరలు గరుకుగా, పగుళ్ళతో ఉన్నాయి. అవి మా అమ్మ పూసినవి.

"గివి మా అమ్మయి గావు" అంటూ ఆ రెండింటినీ గోరుతో గీకి పారేసింది. కింద నున్నటి పొర తేలింది. దాన్ని బొటనవేలితో ఒకసారి తుడిచి, మొదటి గీత మీద గోరు పెట్టింది.

"లాభం" అంది.